రోగికి ఒక కుర్చీ

1812 మే 11న బ్రిటన్ ప్రధానమంత్రి స్పెన్సర్ పెర్సివల్‌ను పార్లమెంటు లాబీలోనే ఒకడు తుపాకీతో కాల్చి చంపాడు. హత్యకు గురైన బ్రిటిష్ ప్రధాని ఈనాటికీ ఆయనొక్కడే. అప్పటికి ఆయన కొడుకు జాన్‌కు తొమ్మిదేళ్లు. తండ్రి పేరు ఆ చావు వల్ల చరిత్రకెక్కింది. కొడుకు పేరు ఎక్కవలసింది వేరే కారణానికి. మతి చలించిన మనిషికి కూడా తన వైద్యం గురించి చెప్పుకునే హక్కుందని పుస్తకం రాసి, సంఘం పెట్టి, పార్లమెంటు దాకా వెళ్లి వాదించిన తొలి మనుషుల్లో జాన్ పెర్సివల్ ఒకడు.

ఆయన మొదట సైన్యంలో పనిచేశాడు. దైవభక్తి మెండు. ఉద్యోగం వదిలి ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకు చేరాడు. 1830లో స్కాట్లండ్‌లో కొందరు భక్తుల మీదికి పరిశుద్ధాత్మ వచ్చి తెలియని భాషల్లో పలికిస్తోందని విని చూడబోయాడు. అక్కణ్ణించి డబ్లిన్ చేరేసరికి మనసు అదుపు తప్పింది. చెవుల్లో గొంతులు మొదలయ్యాయి. ఇలా పడుకో, అలా దూకు అని ఆజ్ఞలు. దేవుడి మాటలే అనుకుని ఆయన వాటిని తు.చ. తప్పకుండా పాటించాడు. 1831 జనవరిలో అన్నగారు వచ్చి, బ్రిస్టల్ దగ్గర ఉన్న బ్రిస్లింగ్టన్ హౌస్ అనే ఖరీదైన ప్రైవేటు పిచ్చాసుపత్రిలో చేర్పించాడు.

అక్కడేం జరిగిందో ఆయన రాసిపెట్టాడు గనుక మనకు తెలుసు. పగలంతా గోడవార అరలాంటి చోట కూర్చోబెట్టి పట్టీలతో బిగించేవారు. రాత్రి మంచానికి కట్టేసేవారు. చన్నీళ్లలో ముంచేవారు. ఒకసారి కణత దగ్గర రక్తనాళం కోసి రక్తం తీశారు. కాపలావాళ్లు చెయ్యి కూడా చేసుకునేవారు. ఇందులో చాలా భాగం ఆ రోజుల్లో వైద్యం కిందే లెక్క. కానీ ఆయన పుస్తకంలో దెబ్బల కన్నా గట్టిగా తగిలేది మరొకటుంది. ఏదీ ఆయనకు చెప్పి చెయ్యలేదు. ఈ స్నానం ఎందుకో, ఈ కోత ఎందుకో, తనను ఇక్కడ ఎవరు ఉంచారో, ఎన్నాళ్లు ఉంచుతారో ఒక్కరూ విప్పి చెప్పలేదు. మనిషి ఎదురుగా ఉండగానే ఆయన సంగతి పక్కవాళ్లతో మాట్లాడుకున్నారు. ఇంట్లో బల్లనో బొమ్మనో జరిపినట్టు తనను జరిపారనీ, తనకూ ఒక ఇష్టం, ఒక అనిష్టం ఉంటాయన్న తలంపే ఎవరికీ రాలేదనీ ఆయన ఆక్రోశం. ఇంటికి రాసుకున్న ఉత్తరాలు కూడా ఆసుపత్రివాళ్ల కంటబడ్డాకే బయటికి వెళ్లేవి.

కోలుకున్న తీరు కూడా ఆయన వివరంగా చెప్పాడు. ఒకరోజు గొంతు చెప్పిన పని చెయ్యకుండా ఉండి చూశాడు. ఏ ఉపద్రవమూ రాలేదు. మరోసారి చూశాడు, అప్పుడూ రాలేదు. అలా ఒక్కొక్క ఆజ్ఞనూ పరీక్షకు పెడుతూ వాటి మీద నమ్మకం సడలించుకుంటూ వచ్చాడు. ఈ దారి ఏ వైద్యుడూ చూపించింది కాదు. తన జబ్బు గురించి తనకు తెలిసినది వైద్యులకు తెలియదని, వాళ్లు అడిగితే చెప్పేవాడినని ఆయన పట్టుదల. తరువాత టైస్‌హర్స్ట్ అనే మరో ఆసుపత్రికి మార్చారు. 1834లో బయటపడ్డాడు. 1838లో ఒకటి, 1840లో ఒకటి, తన అనుభవాన్ని రెండు పుస్తకాలుగా అచ్చు వేయించాడు. 1961లో గ్రెగరీ బేట్సన్ అనే మానవశాస్త్రవేత్త వాటిని మళ్లీ వెలికితీసి సంపాదకత్వం వహించాక గానీ వైద్య లోకం వాటిని శ్రద్ధగా చదవలేదు.

పుస్తకంతో ఆయన ఊరుకోలేదు. 1845 జులైలో తనలాగే ఆసుపత్రుల్లో మగ్గి వచ్చిన కొందరితో, వాళ్ల బాగు కోరే కొందరితో కలిసి 'ఎలెజ్డ్ లూనటిక్స్ ఫ్రెండ్ సొసైటీ' పెట్టాడు. పిచ్చివాళ్లని ముద్రపడినవారికి మిత్ర సంఘం అన్నమాట. లోపల చిక్కుకున్న డెబ్భైమందికి పైగా మనుషుల కేసుల్ని ఆ సంఘం నెత్తిన వేసుకుంది. ఎవరినైనా నిర్బంధించేముందు ఆ మనిషి మాట వినాలి, కారణం చెప్పాలి, ఉత్తరాలు విప్పకుండా పంపాలి. ఇవీ వాళ్ల కోరికలు. 1859లో పార్లమెంటు కమిటీ వేస్తే పెర్సివల్ వెళ్లి సాక్ష్యమిచ్చాడు. మహారాణిగారి రాజ్యంలో ఉన్న పిచ్చివాళ్లందరికీ తాను అటార్నీ జనరల్‌నని చెప్పుకునేవాడాయన. కమిటీ విన్నది. చట్టం పెద్దగా కదల్లేదు. 1860ల్లో సంఘం కనుమరుగైంది. 1876లో ఆయన చనిపోయాడు.

తరువాత దాదాపు వందేళ్లపాటు ఈ దారిలో చెప్పుకోదగ్గ అడుగులు తక్కువ. అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ అనే యేల్ పట్టభద్రుడు ఆసుపత్రుల్లో పడ్డ పాట్లను 1908లో పుస్తకంగా రాశాడు. మరుసటి ఏడాదే దేశవ్యాప్త కమిటీ పుట్టింది. పేరున్న వైద్యులు, దాతలు వెనక నిలబడ్డారు. ఆ పెద్దల మెప్పు కోసం రోగి గొంతు సన్నబడింది, ఉద్యమం వైద్యుల చేతికి వెళ్లిపోయింది. బీర్స్ చేసిన మేలు నేను తక్కువ చెయ్యను. రోగి మొదలుపెట్టినది రోగి చేతిలో నిలవాలంటే మంచి మనసున్న పెద్దలు తోడుంటే చాలదని మాత్రం ఆ కథ చూసినవాళ్లకు అర్థమవుతుంది.

అసలు మలుపు 1970ల్లో వచ్చింది. స్కాట్లండ్‌లోని హార్ట్‌వుడ్ ఆసుపత్రిలో 1971లో రోగులు సంతకాలు సేకరించి సంఘం పెట్టుకున్నారు. అదే కాలంలో లండన్‌లో పాడింగ్టన్ డే హాస్పిటల్‌ను మూసేస్తారన్న వార్త వస్తే అక్కడి రోగులు, సిబ్బంది కలిసి అడ్డుకున్నారు. పోరాడితే మాట చెల్లుతుందని రోగులకు మొదటిసారి తెలిసివచ్చింది. ఆ ఊపులోనే కొందరు మాజీ రోగులు, వాళ్లతో కలిసిన ఒక సోషల్ వర్కర్, కార్మికులకు యూనియన్ ఉన్నప్పుడు రోగులకెందుకు ఉండకూడదని ఒక కరపత్రం రాశారు. దాని అట్ట మీద గాలానికి చిక్కిన చేప బొమ్మ. గాలం సంగతి తెలియని తక్కిన చేపలకు ఆ చేప గిలగిల కొట్టుకోవడం వింతగా కనిపిస్తుంది. నిజానికి ఆ కొట్టుకోవడం దాని జబ్బు కాదు, బాధను వదిలించుకునే ప్రయత్నం. కార్ల్ మెనింజర్ అనే మానసిక వైద్యుడు ఎప్పుడో చెప్పిన ఈ ఉపమానాన్ని రోగులే తమ జెండా చేసుకున్నారు. ఆ కరపత్రానికి 'చేప కరపత్రం' అనే పేరు స్థిరపడిపోయింది.

1973 మార్చి 21న పాడింగ్టన్‌లో సభ పెడితే వందమందికి పైగా వచ్చారు. మెంటల్ పేషంట్స్ యూనియన్ పుట్టింది. పూర్తి సభ్యత్వం రోగులకు, మాజీ రోగులకే. వైద్యులూ సోషల్ వర్కర్లూ సాయం చెయ్యొచ్చు, నడిపించకూడదు. ఈ నియమం కొందరికి కఠినంగా తోచింది. నాకు మాత్రం బీర్స్ ఉద్యమం జారిపోయిన చోట వీళ్లు గట్టిగా వేసిన ముడిలా కనిపిస్తుంది.

అట్లాంటిక్ అవతల జూడీ చేంబర్లిన్‌ది కూడా ఇదే దారి. 1966లో గర్భస్రావం తరువాత ఆమెను దిగులు కమ్మేసింది. ఇష్టంగా ఆసుపత్రిలో చేరిన ఆమెను చివరికి ఇష్టం లేకుండా ప్రభుత్వాసుపత్రిలో నిర్బంధించారు. బయటికి వచ్చాక న్యూయార్క్‌లో రోగుల విముక్తి సంఘంలో కలిసింది. మళ్లీ మనసు చితికినప్పుడు కెనడాలోని వాంకూవర్‌లో రోగులే నడుపుతున్న ఇంట్లో తలదాచుకుని తేరుకుంది. సంకెళ్లూ తాళాలూ లేకుండా మనుషులు మనుషుల్ని పట్టుకుని నిలబెట్టవచ్చని ఆమెకు అక్కడ అనుభవమైంది. దాన్నే 1978లో పుస్తకంగా రాసింది.

ఇక 1985. ఆ ఏడు జులైలో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో మానసిక ఆరోగ్యంపై ప్రపంచ మహాసభ జరిగింది. బ్రిటన్ నుంచి వచ్చినవాళ్లలో అత్యధికులు వృత్తి నిపుణులు. కానీ నెదర్లాండ్స్ నుంచి, అమెరికా నుంచి రోగులు తమ తరఫున తామే వచ్చారు. ఏదో కష్టసుఖాలు చెప్పుకుని చప్పట్లు కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కారు. డచ్ ఆసుపత్రుల్లో అప్పటికే రోగుల మండళ్లు నడుస్తున్నాయి. యాజమాన్యంతో ముఖాముఖి కూర్చుని తేల్చుకుంటున్నారు. బ్రిటిష్ రోగులకు అది చూశాక ఊరికే కూర్చోవడం కష్టమైంది. 1986లో 'సర్వైవర్స్ స్పీక్ అవుట్' అనే సంఘం ఏర్పడింది. కవి పీటర్ క్యాంప్‌బెల్ దాని వ్యవస్థాపకుల్లో ఒకడు. అదే ఏడాది నాటింగ్‌హామ్ నగరంలో రోగుల మండలి మొదలైంది.

నాటింగ్‌హామ్ పద్ధతి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కొత్తదనమంతా దాని పనితీరులోనే ఉంది. మాపర్లీ ఆసుపత్రిలో వార్డు వారీగా రోగుల సమావేశం పెట్టేవారు. ఆ గదిలోకి నర్సు గానీ డాక్టరు గానీ రాకూడదు. సమావేశం జరిపించేది బయటి నుంచి వచ్చినవాళ్లు, ముఖ్యంగా ఒకప్పుడు అవే మంచాల మీద పడుకుని వెళ్లినవాళ్లు. సిబ్బంది లేనప్పుడు మాట వేరుగా వస్తుంది. ఎదుట నర్సు ఉంటే అన్నీ బాగానే ఉన్నాయనే మనిషి, ఆమె లేనప్పుడు ఈ మాత్ర వేసుకుంటే నోరు ఎండిపోతోంది, చేతులు వణుకుతున్నాయి, ఎన్నాళ్లు వాడాలో ఎవరూ చెప్పడం లేదు అంటాడు. ఫోను చేసుకోవడానికి చాటు లేదనీ, తలుపుకు గడియ లేదనీ, అన్నం చల్లారిపోయాక వస్తుందనీ చెబుతాడు. వాటిని రాసుకుని, ఎవరన్నారో పేరు చెప్పకుండా, మేనేజర్ల ముందు పెట్టేవారు. అది ఒకరి ఫిర్యాదు కాదు, వార్డు మొత్తానిది. ఫిర్యాదు చేసినవాడి మీద కక్ష కట్టే వీలు లేదు, వాడికి జబ్బు ముదిరిందని కొట్టిపారేసే వీలూ లేదు. మానసిక రోగి ఫిర్యాదును జబ్బు లక్షణంగా లెక్కగట్టడమే పెర్సివల్ కాలం నుంచి అతి పెద్ద అడ్డంకి. నాటింగ్‌హామ్ వాళ్లు దాన్ని దాటే ఉపాయం కనిపెట్టారు. యంత్రాల్ని కనిపెట్టినవాళ్లను ఎంత గౌరవంగా తలుచుకుంటామో వీళ్లను అంత గౌరవంగా తలుచుకోవాలని నా ఉద్దేశం.

1987లో డెర్బీషైర్ కొండల్లోని ఈడేల్‌లో సర్వైవర్స్ స్పీక్ అవుట్ వాళ్లు సమావేశమై పదిహేను కోరికలతో ఒక పత్రం రాశారు. బాధను స్వయంగా అనుభవించినవారి తెలివిడిని సేవలందించేవాళ్లు గుర్తించి ఇతరుల మేలుకు వాడుకోవాలన్నది అందులో ముఖ్యమైనది. తమ వైద్య రికార్డులు తాము చూసుకునే హక్కు కూడా అడిగారు. 1989లో వాళ్లే 'క్రైసిస్ కార్డు' తెచ్చారు. జేబులో పట్టే చిన్న కార్డు. నేను మాట్లాడే స్థితిలో లేకపోతే ఫలానా మనిషికి ఫోను చెయ్యండి, నాకు ఈ వైద్యం సరే, అది వద్దు అని మనసు కుదుటగా ఉన్నప్పుడే దాని మీద రాసుకోవడం. ఈ కార్డు సంగతి గుర్తు పెట్టుకోండి, మన దేశపు చట్టంలో దీని బంధువు కనిపిస్తుంది.

1990లో బ్రిటన్ చట్టం తెచ్చి, ఊళ్లలో సంక్షేమ సేవల ప్రణాళికలు వేసేటప్పుడు వాటిని వాడుకునేవాళ్లను సంప్రదించాలని స్థానిక సంస్థలకు చెప్పింది. సోషల్ వర్క్ చదువులో మార్పు అంతకన్నా లోతైనది. 2003లో ఇంగ్లండ్‌లో సోషల్ వర్క్‌ను డిగ్రీ చేసినప్పుడు ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. సేవలు పొందినవాళ్లూ, వాళ్లను కనిపెట్టుకుని ఉండేవాళ్లూ విద్యార్థుల ఎంపిక మొదలుకుని బోధన, మూల్యాంకనం దాకా భాగస్వాములు కావాలి. అంటే రేపు ఇంటింటికీ వెళ్లి పిల్లవాణ్ణి తల్లి దగ్గర ఉంచాలా వద్దా అని నిర్ణయించబోయే అమ్మాయికి సీటు ఇవ్వాలా లేదా అని అడిగే ప్యానెల్‌లో, ఒకప్పుడు అలాంటి నిర్ణయం కింద నలిగిన తల్లి కూడా కూర్చోవచ్చు. ఈ మార్పు కోసం దశాబ్దాలుగా రాసినవారిలో పీటర్ బెరెస్‌ఫర్డ్ ఒకరు. ఆయన సోషల్ పాలసీ ప్రొఫెసరు, ఆయనే ఏళ్ల తరబడి మానసిక వైద్య సేవలు పొందిన మనిషి కూడా. ఆ రెండు అనుభవాలనూ ఆయన దాచుకోలేదు.

అయితే పిలిచి కూర్చోబెట్టడం వేరు, మాట చెల్లడం వేరు. షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ 1969లోనే ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా గీసి చూపింది. అట్టడుగున జనాన్ని మభ్యపెట్టడం, నడుమ సంప్రదించడం, పైమెట్టు మీద అధికారం వాళ్ల చేతికే రావడం. ఇంగ్లండ్ యూనివర్సిటీల్లోనూ ఆసుపత్రుల్లోనూ చాలాచోట్ల పని నడుమ మెట్ల దగ్గరే ఆగిపోయిందని రోగుల సంఘాలు అంటూనే ఉన్నాయి. ఏడాదికోసారి వచ్చి ఒక గంట తన కథ చెప్పి వెళ్లే మనిషి పాఠ్యాంశాన్ని మార్చలేడు. వాళ్ల విమర్శలో న్యాయముంది.

2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి వైకల్యం ఉన్నవారి హక్కుల ఒడంబడికను ఆమోదించింది. దాన్ని రాసేటప్పుడు మానసిక వైద్యం పొందినవారి ప్రపంచ సంఘం కూడా బల్ల దగ్గర ఉంది. తమకు సంబంధించిన చట్టాలు చేసేటప్పుడు తమను సంప్రదించి తీరాలని అందులో రాయించారు. భారతదేశం 2007లోనే దాన్ని ఒప్పుకుంది. ఒప్పుకున్నాక మన చట్టాన్ని తిరగరాయక తప్పలేదు.

మన చట్టం వంశవృక్షం చూస్తే మూలం ఇంగ్లండ్‌లోనే తేలుతుంది. పెర్సివల్ పోరాడిన లూనసీ చట్టాల నమూనాతోనే 1858లో ఇక్కడా చట్టాలు వచ్చాయి. 1912 చట్టం స్వాతంత్ర్యం తరువాత కూడా నాలుగు దశాబ్దాలు నడిచింది. 1987 చట్టం దాని స్థానంలోకి వచ్చింది గానీ రోగిని అడగాలన్న ధ్యాస అందులోనూ లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా చుట్టూ వెలిసిన ఒక ఆశ్రమం అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉంచిన రోగులు పారిపోలేక కాలిపోయారు. 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది.

గొలుసు అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది మన ఊళ్లలో మానసిక వైద్యుడి గది ముందు రోజూ జరుగుతుంది. "పేషంటు తాలూకు ఎవరు?" అని పిలుస్తారు. తల్లి లేచి లోపలికి వెళుతుంది, వెనక కొడుకు. "నిద్రపోతున్నాడామ్మా?" "ఎక్కడండీ డాక్టరుగారూ, రాత్రంతా ఇంట్లో తిరుగుతూనే ఉంటాడు." "మందులు వేసుకుంటున్నాడా?" ఆమె గొంతు తగ్గించి, "పెరుగన్నంలో కలిపి పెడుతున్నానండీ" అంటుంది. పక్కనే స్టూలు మీద ముప్ఫయ్యేళ్ల మనిషి ఇదంతా వింటూ కూర్చుని ఉంటాడు. ఆ తల్లిని తప్పు పట్టడానికి నోరు రాదు. ఆమెకు వేరే దిక్కు లేదు, ఆమె కూడా అలిసిపోయింది, ఆమె సంగతీ ఎవరూ అడగరు. కానీ ఆ రోజు నుంచి ఆ కొడుకు ఇంట్లో అన్నం కూడా నమ్మి తినలేడు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ గదిలోకి వచ్చి కూర్చోవలసిన చట్టం. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 5వ సెక్షన్ ప్రకారం మైనరు కాని ఎవరైనా, గతంలో మానసిక జబ్బు ఉన్నా లేకపోయినా, రేపు తనకు జబ్బు చేస్తే ఎలా చూసుకోవాలో, ఎలా చూసుకోకూడదో ముందే రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తానే ఎంచుకోవచ్చు. ఇంగ్లండ్ రోగుల జేబులోని కార్డుకు ఇక్కడ చట్టబలం వచ్చింది. అత్యవసర వైద్యానికి ఇది వర్తించదు. వైద్యులు గానీ బంధువులు గానీ ఆ పత్రాన్ని మార్చమని ఈ చట్టం కింద ఏర్పడే రివ్యూ బోర్డును కోరవచ్చు కూడా. గొలుసుతో కట్టెయ్యడం నిషిద్ధం, మత్తు ఇవ్వకుండా కరెంటు షాకు నిషిద్ధం. ఈ పత్రం రాసుకోవచ్చని తెలిసినవాళ్లు మన మధ్య ఎంతమంది ఉన్నారో, మీ చుట్టుపక్కల అడిగి చూడండి.

కొన్నిచోట్ల చట్టానికి ముందే పని మొదలైంది. గుజరాత్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమం కింద ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో, ఒకప్పుడు రోగులుగా ఉన్నవాళ్లకు శిక్షణ ఇచ్చి కొత్తగా వచ్చినవారికి తోడుగా పెట్టారు. పుణేలో భార్గవి దావర్ తన తల్లి పేరు మీద 1999లో బాపు ట్రస్ట్ పెట్టారు. తల్లి పిచ్చాసుపత్రుల్లో పడ్డ నరకాన్ని చిన్నప్పుడే చూసిన మనిషి ఆమె. 2024లో ఆమె చనిపోయారు. 2017 చట్టాన్ని ఆమె మెచ్చుకోలేదు. ఇష్టం లేకుండా ఆసుపత్రిలో పెట్టే అధికారాన్ని అది ఇంకా నిలబెట్టిందని, ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన మాటకు అది సరితూగదని చివరిదాకా వాదించారు.

ఆమె వాదనను పూర్తిగా ఒప్పుకోనివారు కూడా 74వ సెక్షన్‌ను ఒకసారి చదవాలి. నిర్బంధంలో ఉన్న రోగి మొర వినే రివ్యూ బోర్డులో ఆరుగురు. అధ్యక్షత జిల్లా జడ్జి స్థాయి మనిషిది. కలెక్టరు తరఫున ఒకరు, ఒక మానసిక వైద్యుడు, మరో వైద్యుడు. మిగిలిన రెండు స్థానాలు మానసిక జబ్బు ఉన్నవారికి, లేదా వారిని చూసుకునేవారికి, లేదా ఈ రంగంలోని స్వచ్ఛంద సంస్థల వారికి. ముగ్గురినీ ఒకే రెండు కుర్చీల్లో సర్దారు గనుక, రెండింటిలోనూ సంస్థలవాళ్లనే కూర్చోబెట్టినా చట్టానికి అభ్యంతరం లేదు. జబ్బు పడి లేచిన మనిషి ఒక్కరూ లేని బోర్డు, ఒక మనిషిని లోపల ఉంచాలా వద్దా అని తేల్చవచ్చు.

ఈ బోర్డుల్ని ఏర్పాటు చేసేది రాష్ట్ర స్థాయి మానసిక ఆరోగ్య అథారిటీ. ప్రతి బోర్డులోనూ కనీసం ఒక కుర్చీ వైద్యం చేయించుకున్న మనిషికే ఇవ్వాలని అది నిర్ణయించుకోవడానికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. ఆ మనిషి వచ్చిపోయే ఖర్చులు భరించి, కాగితాలు ముందుగా తెలుగులో అందిస్తే చాలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ తరువాతి నియామకాలతోనే ఈ పని మొదలుపెట్టవచ్చు.